బరువెత్తకూడని చేయి

నా కుడి మోచేతిలో ఇప్పుడున్నది నాతో పుట్టిన కీలు కాదు. లోహంతో, గట్టి ప్లాస్టిక్‌తో చేసిన బందు. తలుపు బందులాగే ముడుచుకుంటుంది, తెరుచుకుంటుంది. ఈ మాటలు ఆ చేత్తోనే రాస్తున్నాను. చిటికెన వేలూ దాని పక్క వేలూ సగం తిమ్మిరెక్కి ఉంటాయి కాబట్టి అక్షరాలు కొంచెం ఒరుగుతున్నాయి. అంతే. అన్నం కలుపుకుంటాను. జడ అల్లుకుంటాను. చీర కుచ్చిళ్లు సర్దుకుంటాను. ఆపరేషన్ చేసిన డాక్టరు నన్ను మిగతా రోగులకు ఉదాహరణగా చూపిస్తాడు.

ఆయన చెప్పేది అబద్ధం కాదు. వయసంతా వైద్యశాస్త్రం పక్షాన నిలబడి వాదించినదాన్ని. నా ఇంట్లోకి దుఃఖం వచ్చిందని మాట మార్చను. కానీ ఆసుపత్రి కొలిచే ఫలితం మోచేయి దగ్గర మొదలై మణికట్టు దగ్గర ఆగిపోతుంది. మనిషి అక్కడ ఆగడు. ఆ చేయి ఎవరి వీపు కింద ఆసరాగా ఉండేదో ఎక్స్‌రేలో కనిపించదు.

ఈ మధ్య చాలామంది మా ఇంటికి వస్తున్నారు. అమ్మ మోచేయి విరిగిందనో, అత్తకు కీలు మార్చాలంటున్నారనో అడగడానికి వస్తారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా రాయడం మేలనిపించింది. రాస్తే నా మనసు కూడా కొంత కుదుటపడుతుందేమోనన్న ఆశ ఉంది. దానికి ఆధారమేమీ లేదు.

ఆషాఢ అమావాస్య

మాది ఎల్లారెడ్డి. బస్టాండు వెనక వీధిలో రెండు గదుల ఇల్లు, ముందర చిన్న వాకిలి. నేను సర్కారు బడిలో సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాశాను. పిలిచిన ప్రతి సభకూ వెళ్లి వాదించాను, పిలవని సభలకు కూడా వెళ్లి వాదించాను. నా భర్త నర్సింలు ఆర్టీసీ కండక్టరు. మా పెళ్లికి పురోహితుడు లేడు. యూనియన్ ఆఫీసులో దండలు మార్చుకున్నాం. ఆయన్ను నేను పేరు పెట్టే పిలిచేదాన్ని. అది మా అత్తగారికి ఆఖరిదాకా మింగుడుపడలేదు.

నర్సింలు పెద్దగా చదువుకోలేదు కానీ నా వ్యాసాలకు మొదటి పరీక్ష ఆయనే. నేను ఏదైనా గట్టిగా అంటే, టికెట్టు ఏది అని అడిగేవాడు. ఆయన లెక్కలో ఆధారం అంటే టికెట్టు. మాట బస్సెక్కింది అంటే చేతిలో టికెట్టు ఉండాలి, లేకపోతే ఎంత పెద్దమనిషి మాటైనా నడిమధ్యలో దించేయాలి. నేను రాసిన ఎన్నో పేజీలను ఆయన అలా రోడ్డు మీద దించేశాడు.

కొన్నేళ్ల కింద ఆయనకు వణుకుడు జబ్బు మొదలైంది. ముందు చేతులు వణికాయి. తర్వాత కాళ్లు నేలకు అతుక్కుపోవడం మొదలైంది. చివరికి మంచం మీద నుంచి తనంత తాను లేవలేని స్థితి వచ్చింది. పొద్దున్నే నేను కుడి చేయి ఆయన మెడ కిందుగా వీపు వెనక్కి పోనిచ్చి, ఎడమ చేత్తో నడుము పట్టి లేపేదాన్ని. నా చేయి సరిగ్గా కుదురుకోగానే ఆయన "రైట్" అనేవాడు. కూర్చున్నాక "హోల్డాన్" అనేవాడు. పాదాలు నేలకు ఆనించుకుని మళ్లీ "రైట్ రైట్". ఇల్లంతా కలిపి మా బస్సు అంత దూరం పోయేది, మంచం నుంచి వాకిట్లోని కుర్చీదాకా.

ఆయనకు చావంటే భయం లేదు. ఒకే ఒక్క భయం ఉండేది. ఎవరి ఇంట్లోనో, ఎవరి చేతుల్లోనో పడి ఉండాల్సి వస్తుందని. "సుజాతా, నన్ను ఈ ఇంట్లకెళ్లి యాడికి పంపకు," అన్నాడు ఒకసారి. నా చేతుల్లో బలం ఉన్నన్నాళ్లు పంపనన్నాను. మాట ఇచ్చినప్పుడు చేతుల గురించి మనం అంత ఆలోచించం.

ఆ అమావాస్య సాయంత్రం ఆయన మందులకోసం బస్టాండు దాకా వెళ్లాను. అప్పుడే వాన వెలిసింది. ఒక బట్టల దుకాణం ముందు దిష్టి తీసి గుమ్మడికాయ పగలగొట్టారు. కుంకుమ కలిసిన గుజ్జు, గింజలు రోడ్డంతా పరుచుకుని ఉన్నాయి. చూస్తూనే ఉన్నాను. ఈ గుమ్మడికాయల మీద ఒక వ్యాసం రాయాలి అనుకుంటూనే కాలు వేసి జారిపడ్డాను. ఒళ్లు బరువంతా కుడి మోచేయి మీద పడింది. ఎండు కట్టె విరిగినట్టు చప్పుడైంది, అది నాలోంచి వచ్చిందని వెంటనే తెలియలేదు.

చుట్టూ జనం చేరారు. ఎవరూ దగ్గరికి రాలేదు. నేను పడింది దిష్టి మీద. దాన్ని తొక్కితే తమకు చుట్టుకుంటుందని అందరూ గీత గీసినట్టు ఆగిపోయారు. దుకాణదారు పాపం చెంబుతో నీళ్లు తెచ్చి, "అమ్మా, ముందుగాల కాళ్లు కడుక్కో," అన్నాడు. చేయి వేలాడుతున్న మనిషిని కాళ్లు కడుక్కోమన్నాడు. ఆ గీత దాటి వచ్చింది మా పక్కింటి లక్ష్మి. బీడీలు చుట్టి బతుకుతుంది, అప్పుడే కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి తిరిగొస్తున్నది. చెప్పులతోనే గుజ్జులోకి నడిచొచ్చి నన్ను చంకల కింద పట్టి లేపింది. "నాకు తగలనీ తీ అక్కా. నాకేమున్నది దిష్టి తగలనీకి," అంది.

ఆ రోజు నా మరిది రాజయ్య అన్నను చూడటానికి కామారెడ్డి నుంచి తన ఆటోలో వచ్చి ఉన్నాడు. అందులోనే నన్ను ఎక్కించారు. నర్సింలు తానూ వస్తానని పట్టుబట్టాడు. ఆయన్నూ ఎత్తి నా పక్కన కూర్చోబెట్టారు. కామారెడ్డి పెద్దాసుపత్రికి పోవాలన్నాను. ఆటో ప్రతి గుంతలో దిగినప్పుడల్లా అరిచాను. ఊరు దాటిన కాసేపటికి రాజయ్య బండి నెమ్మది చేసి, పక్క ఊళ్లో ఎముకలకు కట్టు కట్టే ముసలాయన ఉన్నాడని, చుట్టుపక్కల వాళ్లందరూ ఆయన దగ్గరికే పోతారని చెప్పాడు. నేను వద్దన్నాను. ఆ కట్టుల వల్ల చేతులు పోగొట్టుకున్న పిల్లలను బళ్లో చూశాను. వాళ్ల గురించి రాశాను. ఆ వ్యాసానికి టికెట్టు సరిగ్గా ఉందని ఒప్పుకున్నది నర్సింలే.

ఆ నర్సింలే వణికే చేత్తో నా మోకాలు పట్టుకున్నాడు.

"దారిమటుకే కట్టు కట్టిచ్చుకో సుజాతా. నువ్వు గిట్ల ఒర్లుతుంటే నాతోని అయితలేదు."

నా నోరు మూయించింది నొప్పి కాదు, ఆయన ముఖం. అన్నేళ్లలో ఎప్పుడూ చూడని ముఖం. సరే అన్నాను.

ముసలాయన చెడ్డవాడు కాదు. నా తల నిమిరాడు, బిడ్డా అన్నాడు, నీళ్లు తాగించాడు. మోచేతిని నలిపి, ఆకుపసరు పూసి, వెదురు బద్దలు పెట్టి బిగించాడు. అలా నలిపినప్పుడు లోపల ముక్కలు ఒకదానితో ఒకటి రాసుకోవడం నాకు వినిపించింది. కట్టాక ఇక కదిలించవద్దని, పొద్దున దాకా ఆగమని చెప్పాడు. వాన మళ్లీ అందుకుంది. నొప్పి తగ్గినట్టే ఉంది. తగ్గలేదు, బిగుతుకు చేయి మొద్దుబారింది. ఇంటికి తిరిగొచ్చాం. తెల్లారేసరికి వేళ్లు నేరేడుపండ్లలా ఉన్నాయి.

ముసలాయన మీద నాకు ఇప్పుడు కోపం లేదు. ఆయన వైద్యం ఇంకా ఎందుకు బతికి ఉందో మనం అడగాలి. జనం మూర్ఖులు కాబట్టి అని నేనే చాలాసార్లు రాశాను. అది సగమే. ఆయన నడిచి వెళ్లగలిగే దూరంలో కూర్చుంటాడు, మనిషిని ముట్టుకుంటాడు, మాట్లాడతాడు. ఆసుపత్రి ఆ మూడూ చేసిన రోజున ఆయన దగ్గరికి ఎవరూ పోరు. అప్పటిదాకా మాత్రం నా మాట వినండి: విరిగిన చోట కదలకుండా ఒక అట్టముక్క, ఒక మెత్తని గుడ్డ వదులుగా పెట్టి నేరుగా ఆసుపత్రికి పదండి. ఎవరి ముఖం చూసీ దారిలో ఆగకండి.

శ్రావణం

కామారెడ్డిలో నన్ను చేర్చుకున్న ఆసుపత్రి స్టేషను రోడ్డుకు దగ్గర. ఎముకల డాక్టరు వారానికోసారి హైదరాబాదు నుంచి వస్తాడు. వయసు చిన్నదే, నిదానస్తుడు. కట్టు విప్పితే చర్మమంతా బొబ్బలు. ఈ చర్మం మీద కత్తి పెట్టలేనని, మానేదాకా ఆగాల్సిందేనని చెప్పాడు. ఆగాం. పక్క మంచాల వాళ్లు వచ్చారు, పోయారు. నేను చేయి పైకి కట్టుకుని, ఫ్యాను రెక్కలు చూస్తూ ఉండిపోయాను.

నర్సింలును రాజయ్య తన ఇంటికి తీసుకుపోయాడు. నేను ఆసుపత్రిలో ఉంటే ఎల్లారెడ్డిలో ఆయన్ను ఎవరు చూస్తారు. ఏ పని చేయనని మాట ఇచ్చానో అదే పని మొదటి రోజునే జరిగిపోయింది. రాజయ్య ఇల్లు రైలు పట్టాల పక్కన. బండి వచ్చినప్పుడల్లా మంచం అదురుతుందని, రైలు కండక్టర్ల కన్నా మేమే నయమని నర్సింలు ఫోనులో నవ్వించాడు. నవ్వించాక అటు ఊపిరి చప్పుడు, ఇటు ఊపిరి చప్పుడు.

తోటికోడలు నాకు రోజూ అన్నం తెచ్చేది. మంచి మనిషి. దిష్టి తొక్కినందుకే ఇదంతా అని ఆమెకు ఏ సందేహమూ లేదు. ఒకరోజు నా తలగడ కింద నిమ్మకాయ దొరికింది. నర్సును చక్కెర అడిగి షర్బత్ చేయించి పక్క మంచం ఆమెకు సగమిచ్చాను. మర్నాడు తోటికోడలు వెతికి వెతికి, "అక్కా, నిమ్మకాయేది?" అంది. తాగానన్నాను. ఆమె నన్ను చూసిన చూపులో భయం కన్నా జాలే ఎక్కువ. మా ఇద్దరు తోటికోడళ్ల యుద్ధంలో ఆ నెలలో మొదటిసారి నేను కడుపారా నవ్వాను. తర్వాత ఆమె నా తల దువ్వి జడ వేసింది.

చర్మం మానాక డాక్టరు కొత్త ఎక్స్‌రే వెలుగుకు పట్టి చూపించాడు. మోచేయి ఉండాల్సిన చోట పగిలిన కుండపెంకులు ఉన్నాయి. ఎముకలు గుల్లబారాయని, ఇన్ని ముక్కలను పట్టీలతో, మరలతో కలపడం జరగదని, కీలునే మార్చాలని చెప్పాడు. మోచేతి కీలు మార్చడం మోకాలు మార్చినంత మామూలు కాదని, కానీ నా వయసులో ఇలా విరిగినప్పుడు అదే మంచి దారని వివరించాడు. నొప్పి పోతుంది, చేయి ముడుచుకుంటుంది, సొంత పనులు చేసుకోవచ్చు. అయితే ఒక షరతు. ఆ చేత్తో బరువెత్తకూడదు. నీళ్ల బిందె వద్దు, నిండు బకెట్టు వద్దు, దాని మీద ఊని లేవడం కూడా వద్దు. బతికినంతకాలం.

"మనిషిని లేపొచ్చా?" అని అడిగాను.

"ఎవర్ని?"

"మా ఆయన్ను. రోజూ పొద్దున."

ఆయన ఎక్స్‌రే పక్కన పెట్టాడు. "ఇంకెవరైనా ఉన్నారామ్మా లేపడానికి?" అన్నాడు.

లేరని నేను చెప్పలేదు. సంతకం పెట్టాను, ఎడమ చేత్తో.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ చేయాల్సి వస్తే దయచేసి ఈ ప్రశ్న ముందే అడగండి. తర్వాత ఏమేం చేయగలను అని కాదు, ఏమేం చేయలేను అని. మీ చేయి మీ ఇంట్లో రోజూ చేసే పని ఏదో ఆ డాక్టరుకు పేరుపెట్టి చెప్పండి. ఆయన అడగకపోయినా చెప్పండి. నా నిర్ణయం దాని వల్ల మారలేదు. కానీ కొందరికి మారొచ్చు.

ఆపరేషన్ బాగా జరిగింది. మత్తు దిగాక చేయి ఉందో లేదో తెలియలేదు. తెలిసినప్పుడు ఎంత బాధ అంటే అది నాదేనని నమ్మకం కలిగింది. డిశ్చార్జి అయ్యాక నేరుగా రాజయ్య ఇంటికి పోయాను. నర్సింలు పట్టాల వైపు గదిలో పడుకుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. నా చేతి పట్టీ వైపు చూశాడు.

"ఆ కట్టు వల్లనే గదా," అన్నాడు.

ఆ ప్రశ్న నేను డాక్టరును ముందే అడిగి ఉన్నాను. కట్టు లేకపోతే ముక్కలు కలిసేవేమో, కలిసేవి కావేమో, ఎముక అంత గుల్లగా ఉన్నప్పుడు ఎవరూ చెప్పలేరని ఆయన అన్నాడు. అదే నిజం. నా జన్మలో నేను నేర్చుకున్న పద్ధతి ప్రకారం, తెలియదని చెప్పాలి. నేను నర్సింలు పక్కన కూర్చుని, కాదన్నాను. గుమ్మడికాయ మీద పడినప్పుడే అంతా పగిలిపోయిందని, కట్టుకూ దీనికీ ఏ సంబంధమూ లేదని డాక్టరు ఖాయంగా చెప్పాడన్నాను.

ఆయన నన్నే చూస్తూ ఉన్నాడు. "టికెట్టు ఏది సుజాతా?" అన్నాడు.

నా దగ్గర లేదు. అప్పుడే రైలు వచ్చింది. మంచం అదిరింది.

బతుకమ్మ

చేయి ముడవడం, చాచడం మళ్లీ నేర్చుకోవడానికి ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి బస్సులో తిరిగాను. నర్సింలు పనిచేసిన దారి. పాత కండక్టర్లు కొందరు గుర్తుపట్టి ముందు సీట్లో కూర్చోబెట్టేవాళ్లు, అన్న ఎట్లున్నడని అడిగేవాళ్లు. బాగున్నడని చెప్పేదాన్ని. ఆ రోజుల్లో నా నోటి నుంచి టికెట్టు లేని మాటలు చాలా వచ్చాయి.

ఆసుపత్రి వరండాలో బెంచీల మీద విరిగినవాళ్లందరం కూర్చునేవాళ్లం. ఒకరోజు బీబీపేట నుంచి వచ్చిన ఒక అవ్వ నా పక్కన కూర్చుంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. కొంగులో సీతాఫలాలు తెచ్చుకుంది. నన్నడగకుండానే ఒకటి విప్పి, గింజలు తీసి, గుజ్జు నా నోటికి అందించింది. నేను ఎడమ చేత్తో తినగలనన్నాను. "తింటవ్ బిడ్డా, ఎందుకు తినవ్. జర నోరు తెరువ్," అంది. నాకెవరున్నారని అడిగింది. చెప్పాను. ఆయన్ను ఇంటికి తెచ్చుకోవాలని, నా చేయి ఒప్పుకోదంటున్నారని చెప్పాను. దేవుణ్ణి తలుచుకోమని ఆమె అంటుందని, ఏమని జవాబు చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. ఆమె ఆ మాటే ఎత్తలేదు. ఇంకో పండు విప్పింది. నా పేరు పిలిచేదాకా నాకు తినిపిస్తూనే ఉంది. ఆమె పేరు నేను అడగలేదు.

ఇంట్లో ఎవరూ లేనప్పుడు బియ్యం మూటను మంచం మీద పెట్టి, నర్సింలును లేపినట్టే చేయి కిందికి పోనిచ్చి చూసేదాన్ని. లేపేదాన్ని కాదు, పోనిచ్చేదాన్ని అంతే. కీలు బాగానే వంగేది. ఒకసారి కాస్త పైకి లాగాను. లోపల ఏదో జారినట్టు, మరొకరి వస్తువును అడగకుండా వాడుతున్నట్టు అనిపించింది. వదిలేశాను. ఆ మూట మీద తల పెట్టి ఏడ్చాను. లక్ష్మి ఎప్పుడొచ్చి గడపలో నిలబడిందో తెలియదు.

"నేను లేవడ్త అక్కా, అన్నను," అంది. "పొద్దుగాల బీడీల ఆకు కత్తిరిచ్చుడు మొదలువెట్టకముందే వస్త. తెచ్చుకో."

బతుకమ్మ పండుగ చివర్లో ఆయన్ను ఇంటికి తెచ్చుకున్నాను. వీధిలో పూలు పేర్చిన పళ్లాలతో ఆడవాళ్లు పోతుంటే ఆటో వాళ్ల మధ్యలోంచి నెమ్మదిగా వచ్చింది. ఆయన గడప దాటి లోపలికి వచ్చి, గోడల వంక, గడియారం వంక, నా పుస్తకాల వంక చూసి, "హోల్డాన్," అన్నాడు. ఆ సాయంత్రం మేము సుఖంగా ఉన్నాం. ఇది కూడా రాయాలి, ఎందుకంటే అది నిజం.

లక్ష్మి రోజూ పొద్దున్నే వచ్చేది. ఆమెకు బలం ఉంది, ఓపిక ఉంది. లేపుతూ ఆమె ఊరి కబుర్లన్నీ చెప్పేది. కానీ ఆయన "రైట్" అనేవాడు కాదు. ఎందుకనవని ఒకసారి అడిగాను.

"కొత్త డ్రైవరు. నా గొంతు తెల్వదు," అన్నాడు నవ్వుతూ. తర్వాత నా చేతిని తన ఒళ్లోకి తీసుకుని, కుట్ల గీత మీద వేలు నడిపాడు. వేలు వణుకుతూనే ఉంది. తప్పు చేసిన పిల్లవాడు పగిలిన పలకను తడిమినట్టుంది. నేను మళ్లీ అదే చెప్పాను, కట్టు వల్ల కాదని. ఆయన మళ్లీ టికెట్టు అడగలేదు. అడగకపోవడమే నాకు ఎక్కువ బాధ అయింది.

మాఘం

చలి ఇంకా పూర్తిగా పోలేదు. భిక్నూర్‌లో తల్లిగారింట్లో పెళ్లి ఉందని లక్ష్మి వెళ్లింది. తాను వచ్చేదాకా అన్నను మంచం దిగనీయొద్దని పదిసార్లు చెప్పి వెళ్లింది. మధ్యాహ్నానికి రాజయ్య వస్తానన్నాడు.

పొద్దున ఎండ వాకిట్లోకి వచ్చింది. నేను వంటింట్లో చాయ్ పెడుతున్నాను. మంచం చప్పుడైంది. ఇటు తిరిగేసరికి నర్సింలు నిలబడి ఉన్నాడు. ఎలా లేచాడో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. గోడ పట్టుకుని తలుపుదాకా వచ్చి, గడప దగ్గర కాళ్లు అతుక్కుపోయి ఆగాడు. ఒళ్లు ముందుకు వస్తున్నది, పాదాలు రావడం లేదు. నన్ను చూసి గర్వంగా నవ్వాడు. నవ్వుతూనే ఒరిగాడు.

నేను పరుగెత్తాను. కుడి చేయి చాచాను. ఆలోచించలేదు, ఆ చేయి ఎప్పటినుంచో అటే పోవడం నేర్చుకుంది. ఆయన చేయి కూడా దాన్ని అందుకోవడానికి పైకి లేచింది. మా వేళ్ల మధ్య పెద్ద దూరం లేదు. అప్పుడు ఆయన నా మోచేతిని చూశాడు.

చూసి, తన చేయి వెనక్కి తీసుకున్నాడు. ఛాతీకి హత్తుకున్నాడు.

"వద్దు," అన్నాడు. పడిపోయాడు.

తుంటి ఎముక విరిగింది. ఈసారి దారిలో ఎక్కడా ఆగలేదు. ఫోను చేయగానే రాజయ్య వచ్చి నేరుగా కామారెడ్డికి తోలాడు. అదే ఆసుపత్రి, అదే వరండా. ఆపరేషన్‌కు ఊపిరితిత్తులు తట్టుకోవని అక్కడి డ్యూటీ డాక్టరు చెప్పాడు. కఫం నిండింది. ఆయన మాట రోజురోజుకీ సన్నబడింది. మాట ఇంకా వినిపిస్తున్నప్పుడు అడిగాను, చేయి ఎందుకు వెనక్కి తీసుకున్నావని. కొంచెం కోపంగానే అడిగాను. మా మధ్య ఏదైనా కోపంగా అడగగలగడం మాకు అలవాటు.

"ఒక్కసారి నీ చేయి నేనే పాడుచేస్తి. మల్లోసారి ఎట్ల చేస్త సుజాతా," అన్నాడు.

నువ్వు పాడుచేయలేదు అన్నాను. ఆయన కళ్లు మూసుకుని తల అడ్డంగా ఊపాడు, బస్సులో చెల్లని టికెట్టును తిరిగి చేతికిచ్చినట్టు.

కొద్ది రోజులకే పోయాడు. ఎల్లారెడ్డిలో కాదు.

ఇంటికి తెచ్చాక వాకిట్లో పాడె కట్టారు. తంతులేవీ వద్దని, నన్ను నువ్వే మోయాలని ఆయన ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే చెప్పి ఉన్నాడు. ఆడవాళ్లు పాడె మోయొచ్చని ఎన్ని సభల్లో వాదించానో. ఆ రోజు ఎవరైనా అడ్డుపడితే వాదించడానికి సిద్ధంగా ఉన్నాను. ఎవరూ అడ్డుపడలేదు. దిష్టి అన్న చుట్టాలు, నిమ్మకాయ పెట్టిన తోటికోడలు, అందరూ దారి ఇచ్చారు. నేలమీద నుంచి పాడెను ఎత్తాలంటే రెండు చేతులు కావాలి. నాకు లేవు. రాజయ్య, లక్ష్మి, ఇద్దరు పాత కండక్టర్లు ఎత్తారు. ఎత్తాక రాజయ్య పక్కకు జరిగి, "రా వదినా," అన్నాడు. ఎడమ భుజం ఇచ్చాను. కుడి చేయి ఊరికే వేలాడుతూ ఉంది.

ఎవరో ఒకరు ఏదైనా అంటారని జనం ఎదురుచూస్తున్నారు. ఏ దేవుడి పేరూ ఎవరూ ఎత్తలేదు. మోస్తున్నవాళ్లు నా వైపు చూశారు.

"రైట్," అన్నాను. కదిలారు.

ఇప్పుడు

దిష్టి తొక్కినందుకే ఆ ఇంటికి ఇన్ని వచ్చాయని ఊళ్లో అనుకుంటున్నారు. వాళ్లతో వాదించే ఓపిక తిరిగి వస్తున్నది. మొన్న అమావాస్య నాడు ఆ బట్టల దుకాణం ముందు మళ్లీ గుమ్మడికాయ కొట్టారు. నేను వెళ్లి ఎడమ చేత్తో పార పట్టి గుజ్జంతా ఒక పక్కకు నెట్టాను. దుకాణదారు ఏమీ అనకుండా చెంబుతో నీళ్లు పోసి రోడ్డు కడిగాడు. అది నా గెలుపు అనుకోను. ఇంకొకరు జారకుండా ఉంటే చాలు.

నాకు దేవుడు లేడు, కాబట్టి తిట్టడానికీ ఎవరూ లేరు. పైన ఎక్కడో కలుస్తామన్న మాట నాకు పనికిరాదు. ఆయన లేడు. అంతే. నమ్మినవాళ్లకు ఈ దుఃఖం తేలిక అని నేను అనుకోను. తోటికోడలు ఫోటో ముందు దీపం పెట్టి నాకన్నా ఎక్కువ ఏడుస్తుంది.

ఈ వారం చేయి చూపించుకోవడానికి కామారెడ్డి వెళ్లాను. డాక్టరు చేతిని ముడిపించాడు, చాపించాడు, తిప్పించాడు. కొత్త ఎక్స్‌రేను వెలుగుకు పట్టి తృప్తిగా చూశాడు. లోహం ఉన్నచోటే ఉంది, ఎక్కడా వదులు కాలేదు. నర్సింలు సంగతి ఆయనకు తెలియదు, వరండాలో అంతమంది ఉంటే ఎలా తెలుస్తుంది. పక్కన నిలబడ్డ నర్సుకు చూపిస్తూ, ఇంత మంచి ఫలితం తాను తక్కువగా చూశానన్నాడు.

"చాలా జాగ్రత్తగా ఉన్నారమ్మా. ఒక్క బరువు కూడా ఎత్తినట్టు లేదు."

"లేదు డాక్టరు గారూ," అన్నాను. "మా ఆయన ఎత్తనియ్యలేదు."